మన ఊరి చరిత్ర, మన ఇంటి వంశం మనమే రాసుకునేది ఎట్ల: ఇంగ్లండ్ పల్లె చర్చి పుస్తకం చూసి మొదలైన పని

మా చెల్లెలి కూతురు ఇంగ్లండ్‌లో ఒక చిన్న పల్లెలో ఉంటాది. వాళ్ళ పక్కింటి ముసలాయన ఒకరోజు ఆ ఊరి చర్చి కాడికి పిలుచుకోనిపోయి, ఇదిగో మా ముత్తాతకి ముత్తాత బాప్టిజం ఇక్కడే, ఆయన పెండ్లి ఇక్కడే, పూడ్చింది కూడా ఇక్కడే అని రాయి మీద పేరు చూపించినాడంట. ఆ రాత్రే నాకు ఫోన్. "మామా, మీ జేజి వాళ్ళమ్మ పేరేంది?" అనింది. నాకు తెలీదు. తిరుపతిలో ఉండాను, ఊరు పాకాల పక్కన గంట దూరం, ఉగాదికీ గంగమ్మ జాతరకీ తప్పకుండా పోతాను, సొంత అమ్మకి జేజి అయిన మనిషి పేరు తెలీదు. సిగ్గేసింది. అప్పట్నుంచి మూడేండ్లుగా చేస్తా ఉండే పని ఇది, మీరు మొదలుపెట్టాలంటే నేను తిరిగిన తిరుగుడు రొంత తగ్గుతాదని రాస్తా ఉండాను.

ముందు వాళ్ళకి ఎట్ల కుదిరిందో చెప్తాను, మన దాంట్లో ఏం లేదో అర్థమయ్యేదానికి. పారిష్ అంటే ఒక చర్చి కిందికి వచ్చే ఊరూ దాని పొలాలూ. 1538లో ఎనిమిదో హెన్రీ రాజు దగ్గర మంత్రిగా ఉన్న థామస్ క్రామ్వెల్, ప్రతి పారిష్‌లోనూ ఒక పుస్తకం పెట్టి బాప్టిజం, పెండ్లి, పూడ్చడం ఈ మూడూ రాయాలని ఆర్డర్ వేసినాడు. 1598 నుంచి దానికి ప్రతి ఏడూ ఒక కాపీ తీసి బిషప్‌కి పంపాల. 1837 జులై 1 నుంచి సర్కారే జనన మరణాలు రాసుకునింది. 1841 నుంచి జనాభా లెక్కల్లో ఇంట్లో ఉండే మనిషి మనిషి పేరూ ఉంటాది, వందేండ్లు దాటినాక వాటిని జనానికి తెరుస్తారు, 1921 లెక్కలు 2022 జనవరిలో తెరిచినారు. మన సెన్సస్‌లో పేర్లు బయటికి రావు, ఊరి మొత్తం లెక్కలు మాత్రమే దొరుకుతాయి. అంటే వాళ్ళకి ఊరికొక పుస్తకం. మనకి అదే సమాచారం పది చోట్ల చెల్లాచెదురుగా పడుంది, సగం కాగితం మీద, సగం ముసలోళ్ళ నోట్లో.

అందుకని మొదట ముసలోళ్ళ దగ్గరికే పోండి. ఆఫీసులు యాడికీ పోవు, మనుషులే పోతారు. నేను తప్పు చేసింది ఇక్కడే, ముందు రికార్డుల వెంట పడి ఆరునెలలు తిరిగినాను, ఈలోగా మా నాయన మేనత్త పోయింది, ఆమెకి తెలిసిన సంగతులు ఆమెతోనే పోయినాయి.

ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి మంచం మీద పెట్టండి, చేతిలో పట్టుకోని మూతి కాడ పెడితే వాళ్ళు బిగుసుకుంటారు. ఆన్ చేసినానని చెప్పండి, దొంగతనంగా వద్దు. పొద్దున పనుల టైంలో కాకుండా మధ్యాన్నం సంగటి తిని కూర్చున్నాక పోతే మంచిది. నువ్వు ఏ సంవత్సరంలో పుట్టినావు అని అడిగితే "నాకేం తెలుసు నాయనా" అని అక్కడికే ఆగిపోతాది. అట్ల కాకుండా, పెండ్లయి ఈ ఊరికి వచ్చినప్పుడు కరెంటు ఉండిందా, మీ ఇంటికి నీళ్ళు ఏ బాయి నుంచి, పెద్దకొడుకు పుట్టినప్పుడు మీ అత్త ఉండిందా, కాన్పు ఎవరు చేసినారు, ఆ ఏడు వాన పడిందా, చెనక్కాయలు ఎన్ని మూటలు అయినాయి, ఇట్ల అడగండి. ఒక్కొక్క జవాబు ఒక మేకు. నాలుగు మేకులు కొడితే సంవత్సరం దానంతట అదే బయట పడతాది. పాత పెండ్లి ఫోటో ఒకటి చేతికిస్తే ఇంక మీరు అడగాల్సిన పని కూడా లేదు, వెనక వరసలో నిలబడినోళ్ళ పేర్లతో సహా వస్తాయి.

ఆడవాళ్ళ గురించి ఆడవాళ్ళనే అడగండి. మగోళ్ళని అడిగితే తాత, తాత నాయన, ఆయన నాయన అని నిచ్చెన ఎక్కినట్టు చెప్పి "వాళ్ళావిడ ఏదో మునెమ్మో మంగమ్మో" అంటారు. మా జేజి వాళ్ళమ్మ పేరు మా ఇంట్లో ఒక్క మగోనికీ తెలీదు, చివరికి జేజి పుట్టినూర్లో చిన్నప్పుడు ఆమెతో ఆడుకున్న ఒక అవ్వ చెప్పింది. ఇంకో కిటుకు, మన పక్క మనవరాలికి జేజి పేరు, మనవడికి తాత పేరు పెట్టేది ఎక్కువ గదా, కాబట్టి పేరు తెలీని చోట ఒక తరం కిందికి దిగి ఆ పేరు ఎవరికైనా పెట్టినారేమో చూడండి. ఇదే మళ్ళా గొయ్యి కూడా. మా వంశంలో నలుగురు మునస్వాములు ఉండారు, రెండేసి తరాలకొకడు, నేను ఇద్దర్ని కలిపేసి ఒకాయన నూటిరవై ఏండ్లు బతికినట్టు రాసేసినాను. పేరు పక్కన పెండ్లాం పేరూ ఆమె పుట్టినూరూ రాస్తే ఈ గందరగోళం పోతాది.

ఇప్పుడు సంవత్సరాల సంగతి, ఇది రొంత ఓపిగ్గా చదవండి, దీంట్లో తప్పితే మిగిలినవన్నీ తప్పుతాయి. ముసలోళ్ళు తెలుగు సంవత్సరాల పేర్లు చెప్తారు. అవి అరవై ఏండ్లకి ఒకసారి తిరిగి వస్తాయి. 1947 ఉగాది నుంచి సర్వజిత్తు, 1953 ఉగాది నుంచి విజయ, ఈ రెండూ గుర్తు పెట్టుకుంటే మిగిలినవి ముందుకీ వెనక్కీ లెక్కేసుకోవచ్చు. ఈశ్వర అంటే 1937-38, అదే మళ్ళా 1997-98. ధాత కరువు అని మీ ఇంట్లో ఎవరైనా కథ చెప్పింటే అది 1876-78 నాటి పెద్ద కరువు, ఈ పక్క పల్లెలు ఖాళీ అయిపోయిన కరువు, శానామంది "మా వాళ్ళు ఫలానా ఊరు నుంచి వలస వచ్చినారు" అని చెప్పేది ఆ కాలం గురించే అయ్యే అవకాశం ఉంది, అడిగి చూడండి.

భూమి కాగితాల్లో ఫసలి అని శిస్తు లెక్కల సంవత్సరం ఉంటాది. దానికి 590 కలపండి. ఫసలి 1345 అంటే 1935 జులై 1 నుంచి 1936 జూన్ 30 వరకు. శాసనాల్లో శక సంవత్సరం, దానికి 78 కలపాల, శక 1450 అంటే 1528 ప్రాంతం. ఇదేదో మనకే ఉండే తలనొప్పి అనుకోవద్దండి, ఇంగ్లండ్‌లో 1752కి ముందు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, కాబట్టి వాళ్ళ చర్చి పుస్తకంలో 1700 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కలో అది 1701. తెలీనోళ్ళు పెండ్లికి ముందే బిడ్డ పుట్టినట్టు రాసేసుకుంటారు.

వయసుల్ని ఎప్పుడూ నమ్మొద్దు. మన ఇండ్లల్లో సగం మంది పుట్టినరోజు జూన్ 1, లేదంటే జులై 1. బడిలో చేర్చేటప్పుడు అయ్యవారు వేసిన తేదీ అది. 1841 ఇంగ్లండ్ లెక్కల్లో కూడా పదిహేను దాటినోళ్ళ వయసు ఐదైదుల లెక్కకి కిందికి దించి రాయమన్నారు, ముప్పైనాలుగు ఏండ్లోడు ముప్పై అయిపోతాడు. కాగితం మీద ఉంది కాబట్టి నిజం అనేది యాడా చెల్లదు.

ఇంట్లో ట్రంకుపెట్టె తెరవండి. పాత పెండ్లి పత్రికలు, కర్మాంతరం కార్డులు, రేషన్ కార్డులు, ఇంటి పన్ను రసీదులు, శిస్తు రసీదులు, క్రయ చీటీలు, భోగ్యం పత్రాలు, భాగ పరిష్కారం కాగితాలు. భాగ పరిష్కారం ఒక్కటి దొరికితే మూడు తరాలు ఒకే చోట దొరికినట్టే, ఎవరి కొడుకులు ఎవరు, ఏ భార్య బిడ్డలు, ఏ కయ్య ఎవరికి, అన్నీ ఉంటాయి. పాత చేతిరాత గొలుసుకట్టుగా ఉంటాది, అంకెలు తెలుగు అంకెలు, మా వల్ల కాక మా ఊర్లో పాత కరణం గారి ఇంటి పెద్దాయన కాడికి తీసుకపోతే కండ్లద్దాలు సర్దుకోని గడగడా చదివేసినాడు. 1984లో కరణాల పదవులు తీసేసినారు గానీ ఆ రాత చదవగలిగినోళ్ళు ఇంకా అక్కడక్కడా ఉండారు, తొందరపడండి. తమిళనాడు బార్డర్ ఊర్లయితే కాగితాలు తమిళంలో కూడా ఉంటాయి. సాక్షుల పేర్లు కూడా రాసుకోండి, సామాన్యంగా బావలో మామలో సంతకం పెట్టింటారు, పెండ్లి సంబంధాలు అక్కడ తెలుస్తాయి. వేలిముద్ర పక్కన "ఫలానామ్మ నిశానీ" అని ఉంటే అదే ఆమె కాగితం మీద మిగిల్చిన ఒకే ఒక్క గుర్తు అయ్యుంటాది. ఇంగ్లండ్‌లో 1754 నుంచి పెండ్లి రిజిస్టర్లో ఇద్దరూ సంతకం పెట్టాల, చదువు రానోళ్ళు ఇంటూ గుర్తు వేస్తే పక్కన పేరు రాసేవాళ్ళు, అచ్చం మన నిశానీయే.

తర్వాత భూమి రికార్డులు. సర్కారు వాళ్ళ మీభూమి సైట్లో అడంగల్ (ఏ పొలంలో ఎవరి సాగు), 1బీ (ఎవరి పేరున ఎంత భూమి), ఊరి మ్యాపు, ఎఫ్ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) చూడొచ్చు, అది ఈనాటి సంగతి. ఈసీ, అంటే ఆ భూమి మీద రిజిస్టరైన అమ్మకాలూ తాకట్లూ చూపించే కాగితం, ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతాది, అంతకుముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మాన్యువల్‌గా వెతికించాల. ఇంకా వెనక్కి పోవాలంటే తహసీల్దార్ ఆఫీసులోనో కలెక్టరేట్ రికార్డు రూంలోనో డైగ్లాట్ అని అడగండి, ఇంగ్లీషూ తెలుగూ పక్కపక్కన ఉండే పాత సెటిల్మెంట్ రిజిస్టర్ అది, పాత సర్వే నంబరూ కొత్త నంబరూ రెండూ తెలుస్తాయి. మీ వాళ్ళకి ఏదైనా ఇనాం, అంటే చేసే సేవకి బదులు ఇచ్చిన మాన్యం భూమి, ఉండింటే, గుడి పూజకో, మంగళ వాద్యానికో, చెరువు కాపలాకో, ఊరి కావిలికో, ఇనాం ఫెయిర్ రిజిస్టర్ చూడాల. 1858లో మద్రాసు సర్కారు వేసిన ఇనాం కమిషన్ ఊరూరా విచారించి, ఈ భూమి ఎవరు ఇచ్చినారు, ఎందుకు ఇచ్చినారు, ఇప్పుడు అనుభవించేవాడు మొదట తీసుకున్నోనికి ఏమవుతాడు అని రాసుకునింది. మన పక్క పారిష్ పుస్తకానికి దగ్గరగా వచ్చేది నా లెక్కలో ఇదొక్కటే.

ఏ జిల్లా అని అడగాలో తెలీకపోతే అక్కడే దెబ్బ తింటారు. చిత్తూరు జిల్లా పుట్టింది 1911 ఏప్రిల్ 1న. అంతకుముందు చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు పక్కంతా నార్త్ ఆర్కాట్, మదనపల్లె, వాయల్పాడు పక్క కడప జిల్లా. సత్యవేడు పక్క 1960 ఏప్రిల్ 1 వరకు మద్రాసు రాష్ట్రంలోనే ఉండింది, ఆ రోజే తిరుత్తణి అట్ల పోయింది. మండలాలు వచ్చింది 1985లో, అంతకుముందు తాలూకాలు, ఫిర్కాలు. 2022 ఏప్రిల్ 4న మళ్ళా చీలి తిరుపతి, అన్నమయ్య జిల్లాలు వేరుపడినాయి. మీ ఊరు కదల్లేదు గానీ దాని కాగితాలు మాత్రం ఊర్లు తిరిగినాయి. పాత మద్రాసు ప్రెసిడెన్సీ రికార్డులు చెన్నై ఎగ్మూరులో ఉండే తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటాయి, పొద్దున ట్రైన్‌కి పోతే రాత్రికి ఇంటికొచ్చేయొచ్చు గానీ ఒక్క రోజుతో తెగే పని కాదు. మీది కార్వేటినగరం, పుంగనూరు, కాళహస్తి లాంటి జమీన్ ఊరైతే 1948 ఎస్టేట్ల రద్దు చట్టానికి ముందు లెక్కలు జమీన్ కచేరీలో రాసుకున్నవి, సర్కారు రికార్డుల్లో వెతికి లేదే అని బాధపడొద్దు.

ఒక మాట ముందే చెప్తాను, ఆఫీసుకి పోయి పాత రికార్డు కావాలంటే "ఏం కేసు?" అని అడుగుతారు. చరిత్ర కోసమని చెప్తే నమ్మరు. ఒక ఆఫీసులో నన్ను నాలుగు సార్లు తిప్పినారు, ఐదోసారి ఇంగ్లండ్‌లో ఉండే మేనకోడలి కథ చెప్తే నవ్వి కూర్చోబెట్టి చూపించినారు. ఆఫీసు కంటే దాయాదులే కష్టం. మీరు డైగ్లాట్ కాపీ తీసుకున్నారని తెలిస్తే చాలు, వీడు వాటా కోసం దావా వేస్తా ఉండాడని ఊరంతా చెప్పుకుంటారు. మా చిన్నాయన రెండు నెలలు మాట్లాడలేదు. అందుకే ముందే ఇంటింటికీ పోయి చెప్పి, తీసిన కాపీ వాళ్ళకీ ఒకటి ఇచ్చేయండి.

భూమి లేనోళ్ళ సంగతి ఏంది అంటారు, అడగాల్సిన ప్రశ్నే. భూమి రికార్డు భూమి ఉన్నోళ్ళకే చరిత్ర మిగిల్చింది. ఊరి చరిత్ర అని రాసి ఎగువ వీధి రెడ్డి ఇండ్ల వంశవృక్షం ఒక్కటే వేస్తే అది ఊరి చరిత్ర కాదు. దళితవాడకి, వడ్డిపల్లికి, యానాదుల ఇండ్లకి పోయి కూర్చోండి. చెరువు కట్ట వేసిందీ బాయి తవ్విందీ ఎవరని అడిగితే జవాబు అక్కడే దొరుకుతాది. ఇంకోటి, చిత్తూరు, మదనపల్లె పక్క 1853లో మొదలైన అమెరికన్ ఆర్కాట్ మిషన్ చర్చిలు ఉండాయి, చర్చి అంటే బాప్టిజం, పెండ్లి రిజిస్టర్లు రాసేది మామూలే. మీ పెద్దోళ్ళు ఆ చర్చిలకి పోయినోళ్ళయితే పాస్టర్‌ని మర్యాదగా అడగండి, మన జిల్లాలో నిజంగా పారిష్ రిజిస్టర్ దొరికే అవకాశం ఉండేది వాళ్ళకే, ఇంగ్లండ్ ముసలాయన మాదిరి.

ఇంక రాళ్ళు. మన పొలాల గట్ల మీద, చెరువు కట్ట మీద కత్తి పట్టుకున్న మనిషి బొమ్మతో రాయి ఉంటే అది వీరగల్లు, ఆవుల్ని కాపాడుతానో ఊరి కోసం కొట్లాడో చచ్చిపోయినోని గుర్తు. బాణులు, నోలంబులు, వైదుంబులు ఏలిన కాలం నాటివి ఈ పక్క శానా ఉండాయి. శానా చోట్ల దానికి పసుపు పూసి దేవుణ్ణి చేసుకున్నారు, మంచిదే, అందుకే మిగిలింది. మీద అక్షరాలు ఉంటే సుద్దముక్కతో దిద్దొద్దు, వైర్ బ్రష్‌తో గీకొద్దు, నూనె పొయ్యొద్దు. పొద్దున ఏడు గంటలకో సాయంత్రం ఐదుకో ఎండ పక్క నుంచి పడేటప్పుడు ఫోటో తీస్తే గీతలు లేచి కనిపిస్తాయి, ఆ ఫోటో యూనివర్సిటీలో పురావస్తు శాఖ వాళ్ళకి చూపించండి. శాసనాల మీద పనిచేసే కేంద్ర పురావస్తు శాఖ ఆఫీసు మైసూరులో ఉంది. మీ ఊరి శాసనం వాళ్ళ పాత వార్షిక రిపోర్టుల్లో అచ్చయిందేమో ముందు చూసుకోండి.

తిరుమల శాసనాలు వదలొద్దు. దేవస్థానం 1930ల్లో వాటిని అచ్చు వేయించింది, వెయ్యికి పైగా ఉండాయి, ఎక్కువ తమిళంలో, కొన్ని తెలుగూ కన్నడం. వాటిల్లో రాజుల గొప్పల కంటే మనకి పనికొచ్చేది ఊర్ల పేర్లు. విజయనగరం కాలంలో భక్తులు గుడికి డబ్బు కడితే, దేవస్థానం ఆ డబ్బుతో గుడి కింది పల్లెల్లో చెరువులూ కాలవలూ తవ్వించి, దానివల్ల పెరిగిన పంటతో స్వామికి నైవేద్యం పెట్టేది, అదంతా గోడ మీద చెక్కించేది. అంటే తిరుపతి చుట్టుపక్కల మీ ఊరి చెరువుకి ఐదొందల ఏండ్ల నాటి రసీదు కొండ మీద గోడకి ఉండొచ్చు! వెనక సూచికలో మీ ఊరి పేరు వెతకండి, స్పెల్లింగ్ మారింటాది, కండ్రిగ, పల్లి, పుత్తూరు అని ముక్కలుగా వెతకండి. పేరు చివర కండ్రిగ ఉంటే అది ఒకప్పుడు దానంగా ఇచ్చిన నేల, అగ్రహారం అంటే బ్రాహ్మలకి ఇచ్చింది.

మెకంజీ కైఫియత్తులు అని వినుంటారు. కాలిన్ మెకంజీ 1815లో ఇండియాకి మొదటి సర్వేయర్ జనరల్ అయినాడు, 1821లో పోయినాడు, ఆయన కింద కావలి వెంకట బొర్రయ్య లాంటి తెలుగువాళ్ళు ఊరూరా తిరిగి కరణాల్ని అడిగి ఊరి కథలు రాసుకున్నారు. మీ ఊరిది ఉంటే అదృష్టం, చెన్నై ఓరియంటల్ మాన్యుస్క్రిప్ట్స్ లైబ్రరీలో అడగండి. దాంట్లో పురాణం ఎక్కువ, రాముడు వచ్చి ఇక్కడ కూర్చున్నాడు అనే రకం, కానీ చెరువులు, పాలెగాళ్ళు, గుడి మాన్యాల లెక్కలు మాత్రం గట్టివి. తిరుపతిలోనే ఎస్వీ యూనివర్సిటీ ఓరియంటల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో తాళపత్రాలు ఉండాయి.

ఊరి మ్యాపు ఒకటి మీరే వేయండి. ఇంగ్లండ్‌లో 1836 చట్టం తర్వాత చర్చి పన్ను కోసం ఊర్ల మ్యాపులు వేసి ప్రతి పొలానికీ పేరు, ఓనరు, సాగు చేసేవాడు, ఏం పండిస్తాడు అని పట్టీ రాసినారు, ఇప్పుడు వాళ్ళ ఊరి చరిత్రలన్నిటికీ అదే బంగారం. మనకి ఎఫ్ఎంబీలో నంబర్లే ఉంటాయి, పేర్లు ఉండవు. కాబట్టి ప్రింట్ తీసుకోని ఒక పెద్దాయన్ని వెంటబెట్టుకోని గట్ల మీద నడవండి. చింతమాను కయ్య, దయ్యాల మిట్ట, జేజి బాయి, కోమటోని మడి, ఇట్లాంటి పేర్లు మా ఊర్లో నూటపది దొరికినాయి, ప్లాట్లు వేసినాక వాటిల్లో సగం జాగాలు ఇప్పుడు మాయం. ఇంటి పేరు వెనక ఏదో ఊరు ఉంటే ఆ ఊరికి కూడా ఒకసారి పోయి రండి, మా ఇంటిపేరు ఊర్లో మా వాళ్ళు ఒక్కరూ లేరు గానీ ఇలవేల్పు గుడి ఉంది.

రాసేటప్పుడు ప్రతి మాటకీ పక్కన ఎవరు చెప్పినారు, ఏ తేదీన, లేదంటే ఏ కాగితం అని చిన్నగా వేయండి. రెండు కథలు పొసగకపోతే రెండూ రాయండి, మీరు జడ్జి అవ్వొద్దు. బతికుండే వాళ్ళ పుట్టినతేదీలు, లేచిపోయిన పెండ్లిళ్ళు, కోర్టు తగాదాలు మీ నోటుబుక్కులో ఉంచుకోండి, అచ్చులో వద్దు. రికార్డింగ్ ఫైళ్ళకి పేరూ తేదీ పెట్టి రెండు చోట్ల దాచండి, ఇంగ్లండ్ వాళ్ళు 1598లోనే బిషప్ కాడ కాపీ పెట్టినది ఊరికే కాదు, శానా ఊర్లల్లో అసలు పుస్తకం పాడైపోతే ఆ కాపీయే మిగిలింది.

మొదటి కాపీ జిరాక్స్ షాపులో స్పైరల్ వేయించి ఇరవై తీయండి, ఎడమపక్క పేజీలన్నీ ఖాళీగా వదిలేయండి. ఊర్లో పంచి, ఒకటి బడిలో, ఒకటి రామమందిరంలో పెట్టి, పెన్ను దారానికి కట్టండి. నేను పంచిన వారానికే పదకొండో పేజీలో ఎవరో రాసింటారు: "మా అమ్మ పేరు నాగమ్మ కాదు, నాగరత్నమ్మ. ఇద్దరు కూతుర్లని రాయలేదు." చూస్తే నిజమే, మర్చిపోయినాను.